పిల్లల ల్యుకేమియా కడుపులోనే మొదలవుతుందా? తాత జబ్బే మనవడికి వచ్చిందా?

చదివేవాళ్లకు తెలియడం కోసం మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను. మీ అక్క కొడుక్కి నాలుగేళ్లు. బెంగళూరులో చూపిస్తే బి-సెల్ ఏఎల్ఎల్ (పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఒక రకం ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్) అని తేలింది, కీమో మొదలైంది. జన్యు రిపోర్టులో ఈటీవీ6-రన్‌ఎక్స్1 పాజిటివ్ అని ఉంది. "ఇది కడుపులో ఉన్నప్పుడే మొదలై ఉండొచ్చమ్మా" అని డాక్టరు గారు అన్న ఒక్క మాట ఇంట్లో చిచ్చు పెట్టింది. మీ నాన్నగారికి 58వ ఏట సీఎంఎల్ (ఎక్కువగా పెద్దవాళ్లకు వచ్చే, నెమ్మదిగా ముదిరే ఇంకో రకం ల్యుకేమియా) వచ్చి ఇమాటినిబ్ అనే మందు వేసుకుంటున్నారు కాబట్టి "మీ పుట్టింటి రక్తంలోనే ఉంది" అని అక్క అత్తగారు అంటున్నారు. గర్భంతో ఉన్నప్పుడు స్కానింగులు మరీ ఎక్కువ చేయించుకుందని ఆడపడుచు దెప్పుతోంది. అక్క అన్నం మానేసి ఏడుస్తోంది. ఎనిమిది నెలల చంటిపాపకు కూడా టెస్టు చేయించాలా అన్నది మీ చివరి ప్రశ్న.

నేను డాక్టర్ని కాదు. రిటైర్ అయ్యేదాకా బెంగళూరులోనే ఒక సైటోజెనెటిక్స్ ల్యాబ్‌లో పనిచేశాను. మూలుగ శాంపిల్ వస్తే కణాలు పెంచి, స్లైడ్ మీద పరిచి, క్రోమోజోములు చూసి రిపోర్టు రాయడం మా పని. అనంతపురం, హిందూపురం, మదనపల్లె నుంచి ఇక్కడికి వచ్చేవాళ్లు చాలామంది కదా, ఆ రిపోర్టులో ఏముందో తెలుగులో చెప్పే పని ఎప్పుడూ నామీదే పడేది. అందుకని మందుల గురించి మాట్లాడను, అవి మీ డాక్టరు చూసుకుంటారు. ఈ మార్పులు మనిషి ఒంట్లో ఎప్పుడు పుడతాయన్నది మాత్రం నాకు తెలిసిన విషయం. మీ ఇంటి గొడవ తేలాల్సింది కూడా అక్కడే.

డాక్టరు గారు చెప్పింది నిజమే. కాకపోతే సగమే చెప్పారు, ఓపీ రద్దీలో అంతకంటే కుదరదు.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలో 46 క్రోమోజోములు ఉంటాయి. ఏదో ఒక రక్తకణంలో 12వ క్రోమోజోమూ 21వ క్రోమోజోమూ విరిగి, ముక్కలు తారుమారై అతుక్కుంటాయి. ఆ అతుకు దగ్గర ఈటీవీ6, రన్‌ఎక్స్1 అనే రెండు జన్యువులు కలిసిపోయి ఒక కొత్త, తప్పు జన్యువు తయారవుతుంది. మీ రిపోర్టులో ఉన్నది అదే. మారిన ముక్కలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి మామూలు కేరియోటైప్‌లో (క్రోమోజోముల్ని వరసగా పేర్చి చూసే పరీక్షలో) ఇది దొరకదు. ఫిష్ టెస్టులో ఒక జన్యువుకు ఎరుపు, ఇంకోదానికి ఆకుపచ్చ రంగు వేసి చూస్తే, ఆ రెండు చుక్కలూ ఒకదానిమీద ఒకటి పడి పసుపుగా కనిపిస్తాయి. "ఒక కాగితంలో నార్మల్ అని, ఇంకో కాగితంలో పాజిటివ్ అని ఉంది, ఏది నిజం సార్?" అని కంగారుపడి వచ్చిన తల్లిదండ్రులు ఎంతమందో. రెండూ నిజమే.

ఇది కడుపులోనే పుడుతుందని ఎలా తెలిసింది? కవల పిల్లల వల్ల. లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్యాన్సర్ రీసెర్చ్‌లో మెల్ గ్రీవ్స్ అనే శాస్త్రవేత్త బృందం ల్యుకేమియా వచ్చిన కవలల శాంపిల్స్ పట్టుకుని కూర్చుంది. క్రోమోజోములు ఎక్కడ విరిగి ఎక్కడ అతుక్కుంటాయన్నది ప్రతి పేషెంట్‌లోనూ వేరుగా ఉంటుంది, వేలిముద్ర లాగా. ఇద్దరు వేర్వేరు పిల్లల్లో డీఎన్ఏలోని ఒకే అక్షరం దగ్గర తెగి అతకడమన్నది జరగదనే అనుకోవాలి. కానీ ఒకే అండం నుంచి పుట్టిన కవలలిద్దరికీ ల్యుకేమియా వచ్చినప్పుడు చూస్తే, అతుకు అక్షరం కూడా తేడా లేకుండా ఒకటే. అమ్మానాన్నల నుంచి వచ్చిందా అంటే కాదు, కవలల మిగతా కణాల్లో ఆ అతుకు లేదు. మిగిలింది ఒకటే దారి. కడుపులో ఉన్నప్పుడు ఒక బిడ్డ రక్తకణంలో ఆ మార్పు పుట్టింది. అలాంటి కవలలకు చాలాసార్లు మాయ ఒకటే, అందులో రక్తనాళాలు కలిసే ఉంటాయి. ఆ కణం నుంచి పుట్టిన కణాలు ఆ దారిన రెండో బిడ్డలోకి వెళ్లాయి. ఏడాదిలోపు పసిపిల్లలకు వచ్చే ఎంఎల్ఎల్ జన్యువు రకం ల్యుకేమియాలో ఈ సంగతి 1993లోనే బయటపడింది. మీ మేనల్లుడికి ఉన్న రకంలో 1998లో తేలింది.

ఆ కవలల కథల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది 1999లో అచ్చయిన ఒక జంట సంగతి. ఒకరికి అయిదో ఏట జబ్బు వచ్చింది, రెండో వాళ్లకు పద్నాలుగో ఏట. అతుకు మాత్రం ఇద్దరిలోనూ ఒక్కటే. అంటే పుట్టకముందే పుట్టిన ఆ మార్పు ఒక పిల్లలో అయిదేళ్లు, ఇంకో పిల్లలో పద్నాలుగేళ్లు ఊరికే పడి ఉంది. మొదటి కవలకు జబ్బు వచ్చినప్పుడు రెండో కవల నుంచి తీసి పెట్టిన మూలుగలో కూడా ఆ అతుకు దొరికింది. అప్పటికి ఆ బిడ్డ ఆరోగ్యంగా ఉంది.

కవలలు కాని పిల్లల మాటేమిటి? అక్కడ ఆదుకున్నది గత్రీ కార్డు. చాలా దేశాల్లో బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే మడమ మీద గుచ్చి రెండు మూడు చుక్కల రక్తం ఒక అట్ట కాగితం మీద అద్ది, పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బులకు పరీక్ష చేస్తారు. కొన్నిచోట్ల ఆ కార్డుల్ని ఏళ్ల తరబడి దాచిపెడతారు. ల్యుకేమియా వచ్చిన పిల్లల కార్డులు బయటికి తీసి, ఆ బిడ్డకే ప్రత్యేకమైన అతుకు కోసం ఎండిన రక్తంలో వెతికారు. 1997లో ఎంఎల్ఎల్ రకంలో, 1999లో ఈటీవీ6 రకంలో దొరికింది. ఇక సందేహానికి తావు లేకుండా పోయింది. మన దగ్గర నవజాత శిశువులందరికీ ఈ పరీక్ష ఇంకా లేదు, కార్డు దాచే అలవాటు అంతకంటే లేదు. కాబట్టి మీ మేనల్లుడి విషయంలో వెనక్కి వెళ్లి రుజువు చేసే మార్గం లేదు, అవసరమూ లేదు.

ఇంతవరకూ విని చాలామంది ఆగిపోతారు. అసలు సంగతి దీని తర్వాత ఉంది. అదే లండన్ బృందం ఏ జబ్బూ లేని మామూలు పిల్లల బొడ్డుతాడు రక్తం తీసుకుని చూసింది. నూటికి ఒకరిలో ఆ అతుకు కనిపించిందని 2002లో రాశారు. ఈ రకం ల్యుకేమియా నిజంగా వచ్చేది సుమారు పదివేల మంది పిల్లల్లో ఒకరికి. అంటే అతుకుతో పుట్టే వంద మందిలో దాదాపు తొంభై తొమ్మిది మందికి ఏమీ కాదు. ఈ లెక్క మీద తగువు ఉంది. డెన్మార్క్ వాళ్లు వెతికితే అంత దొరకలేదు, 2018లో జర్మనీ వాళ్లు ఇంకో పద్ధతిలో చూసి నూటికి అయిదు దాకా ఉంటుందన్నారు. అంకె ఏదైనా ఆ అతుకు ఒక్కదానితో జబ్బు రాదన్న మాట మీద మాత్రం గొడవ లేదు. ఈ రిపోర్టు చేతిలో పెట్టుకుని ఏడుస్తున్న ప్రతి తల్లికీ నేను మొదట చెప్పేది ఇదే.

జబ్బు రావాలంటే రెండో దెబ్బ పడాలి. అది పుట్టాక పడుతుంది. ఆ కవలల్లోనే ఇదీ తేలింది. అతుకు ఇద్దరిలో ఒకటే అయినా, తర్వాత పోయిన జన్యువులు, మిగిలిన ఈటీవీ6 కాపీ పోవడంలాంటివి, ఒకరికీ ఇంకొకరికీ వేరుగా ఉన్నాయి. ఆ నష్టం ఎవరు చేస్తారంటే మన ఒంటి యంత్రాంగమే. బి-కణాలు రకరకాల యాంటీబాడీలు తయారుచేయడానికి తమ డీఎన్ఏను తామే కోసి అతుక్కుంటాయి, అందుకు రాగ్ అనే ఎంజైములు ఉన్నాయి. అతుకు ఉన్న కణంలో ఆ కత్తెర కోయకూడని చోట కోస్తుంది. 2014లో జన్యుపటాలు చదివి ఆ కోతల గుర్తులు పట్టుకున్నారు. రెండు నుంచి అయిదేళ్ల మధ్య ఈ జబ్బు ఎక్కువగా ఎందుకు కనబడుతుందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

ఆ కత్తెరను రెచ్చగొట్టేది మామూలు ఇన్‌ఫెక్షన్లేనని, పుట్టిన మొదటి ఏడాదిలో క్రిములతో పరిచయం తక్కువైన పిల్లల్లో తర్వాత వచ్చే ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్లు అతిగా స్పందిస్తుందని గ్రీవ్స్ అంటారు. 2018లో దీని మీద పెద్ద వ్యాసమే రాశారు. పసితనంలోనే క్రెష్‌కు వెళ్లిన పిల్లల్లో ఏఎల్ఎల్ కొంచెం తక్కువని కొన్ని లెక్కలు దీనికి బలమిస్తాయి. నాకు ఇది నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది. కానీ దీన్ని మీ ఇంట్లో చెప్పేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. "స్కానింగుల వల్ల" పోయి "అపార్ట్‌మెంట్‌లో ఏసీ గదిలో పెంచావు, మట్టిలో ఆడనివ్వలేదు" అనే కొత్త దెప్పుడు మొదలవుతుంది. ఒక బిడ్డ విషయంలో రెండో దెబ్బకు కారణం ఫలానా అని చెప్పగలిగేవాళ్లు ఈ ప్రపంచంలో ఎవరూ లేరు.

స్కానింగుల మాటకొస్తే, గర్భిణులకు చేసేది అల్ట్రాసౌండ్. అది శబ్ద తరంగం, డీఎన్ఏను తెంపే శక్తి దానికి లేదు. పిల్లల క్యాన్సర్‌తో సంబంధం వెతికిన చోట దొరకలేదు. ఎక్స్‌రే వేరు. 1950లలో ఇంగ్లండ్‌లో ఆలిస్ స్టూవర్ట్ అనే డాక్టరమ్మ, గర్భిణుల పొట్టకు ఎక్స్‌రే తీస్తే పుట్టిన పిల్లల్లో క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతోందని పట్టుకున్నారు. మొదట చాలామంది ఒప్పుకోలేదు, తర్వాత ఆ ఎక్స్‌రేలే మానేశారు. ఆడపడుచు విన్న మాట ఆ రోజులదై ఉండొచ్చు. అయిదు స్కాన్లు కాదు, పది చేయించుకున్నా మీ అక్క తప్పేమీ లేదు. గ్రహణం రోజు బయటికి వచ్చిందన్న మాట ఇంకా రాలేదు కాబోలు, అది కూడా వస్తే ఇదే సమాధానం.

ఇప్పుడు నాన్నగారి సంగతి. అత్తగారి వాదన ఆగిపోయేది ఇక్కడే.

సీఎంఎల్‌లో అతుకు వేరు. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. పొట్టిగా మారిన 22ను 1960లో ఫిలడెల్ఫియాలో చూశారు కాబట్టి ఆ ఊరి పేరే పెట్టారు. అది ముక్కల మార్పిడి అని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. నాన్నగారి రిపోర్టులో బీసీఆర్-ఏబీఎల్ అని ఉంటుంది చూడండి. మనవడి రిపోర్టులో అది లేదు, ఆయన రిపోర్టులో ఈటీవీ6 లేదు. రెండు జబ్బులకూ ల్యుకేమియా అన్న పేరు తప్ప జన్యువుల్లో ఉమ్మడి ఏమీ లేదు.

పైగా కాలం కూడా సరిపోదు. పెద్దవాళ్ల మూలుగలో ఒక్కో మూలకణంలో ఏడాదికి సుమారు పదిహేడు చిన్న చిన్న అక్షర మార్పులు పోగవుతుంటాయి. చాలావరకు ఏ హానీ చేయవు. కానీ వాటిని లెక్కబెడితే ఏ కణం ఏ కణం నుంచి ఎప్పుడు విడిపోయిందో వంశవృక్షం గీయొచ్చు. ఈ పద్ధతిలో సీఎంఎల్ పేషెంట్లను చూసి 2025లో నేచర్ పత్రికలో అచ్చువేశారు. బీసీఆర్-ఏబీఎల్ అతుకు, జబ్బు బయటపడడానికి మూడు నుంచి పద్నాలుగేళ్ల ముందు పుట్టిందని తేలింది. హిరోషిమా కథ కూడా దీనికి దగ్గరగానే ఉంది. 1945లో బాంబు పడితే, బతికినవాళ్లలో ల్యుకేమియాలు సుమారు రెండేళ్లకు మొదలై, ఆరు నుంచి ఎనిమిదేళ్లకు పతాక స్థాయికి చేరాయి.

మీ నాన్నగారి వయసుకు ఇది అన్వయించండి. 58 నుంచి పద్నాలుగు తీసేస్తే 44. ఆయనకు ఇరవై ఆరేళ్లప్పుడు అక్క పుట్టిందని రాశారు. అంటే ఆ అతుకు ఆయన ఒంట్లో పుట్టేసరికి మీ అక్కకు కనీసం పద్దెనిమిదేళ్లు. ఇంకా పుట్టని మార్పును ఆయన కూతురికి ఎలా ఇస్తారు? ఒకవేళ ముందే పుట్టినా అది మూలుగలోని రక్తకణంలో పుట్టేది, బిడ్డలకు వెళ్లే బీజకణంలో కాదు. ఈ లెక్క అత్తగారికి కాగితం మీద రాసి చూపించండి. మా ల్యాబ్‌కు వచ్చినవాళ్లలో ఎన్ని పెద్ద మాటలు చెప్పినా కదలని పెద్దవాళ్లు వయసుల లెక్క చూసి తలూపడం నేను చూశాను.

అయితే "పిల్లలది కడుపులో, పెద్దలది పెద్దయ్యాక" అని గీత గీసేయకండి, అదీ సరికాదు. జేఏకే2 అనే జన్యువులో ఒక మార్పు వల్ల రక్తం చిక్కబడే పాలీసైథీమియాలాంటి జబ్బులు వస్తాయి, అవి సాధారణంగా పెద్ద వయసులో బయటపడతాయి. 2022లో కేంబ్రిడ్జ్ వైపు శాస్త్రవేత్తలు పన్నెండు మంది పేషెంట్లలో ఆ వంశవృక్షం గీస్తే, ఆ మార్పు కొందరిలో తల్లి కడుపులోనే, కొందరిలో బాల్యంలో పుట్టిందని తేలింది. ఆ మార్పు పుట్టడానికీ జబ్బు బయటపడడానికీ మధ్య సగటున ముప్పై ఏళ్లు! వయసు మళ్లినవాళ్లకు వచ్చే ఏఎంఎల్ అనే, వేగంగా ముదిరే ల్యుకేమియాలో ఇంకో తీరు. డీఎన్ఎంటీ3ఏ, టెట్2 లాంటి జన్యువుల్లో మార్పు ఉన్న కణాల గుంపు మూలుగలో మెల్లగా పెరుగుతుంది. డెబ్భై దాటినవాళ్లలో నూటికి పదిమందికైనా ఇది ఉంటుందని 2014లో వచ్చిన పెద్ద అధ్యయనాలు చెప్పాయి. వాళ్లలో రక్త క్యాన్సర్‌కు దారితీసేది ఏడాదికి నూటికి ఒకరికి మించదు. 2018లో ఇంకో పని చేశారు. ఏఎంఎల్ వచ్చినవాళ్లు ఆరేడేళ్ల ముందు, కొందరు పదేళ్ల ముందు వేరే పరిశోధనకు ఇచ్చి ఉన్న రక్తం తీసి చూస్తే, మొదటి మార్పులు అప్పటికే ఉన్నాయి. ఎన్‌పీఎం1, ఎఫ్ఎల్‌టీ3 లాంటి వేరే జన్యువుల్లో మార్పులు సాధారణంగా తర్వాత చేరతాయి. (ఇదంతా చదివి అమ్మానాన్నలకు "క్యాన్సర్ జీన్ ప్యాకేజీ" కొనకండి. బెంగళూరులో ప్రతి పండక్కీ డిస్కౌంట్ మెసేజ్ వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇలాంటి మార్పు దొరికితే వేసే మందు లేదు, టెన్షన్ మాత్రం మిగులుతుంది.)

కుటుంబంలో నడిచే ల్యుకేమియాలు అసలు లేవా అంటే ఉన్నాయి, అరుదు. టీపీ53, రన్‌ఎక్స్1, ఈటీవీ6 జన్యువుల్లో పుట్టుకతోనే ఒంట్లోని ప్రతి కణంలోనూ లోపం ఉన్న కుటుంబాలు కొన్ని ఉంటాయి. అవి మీ మేనల్లుడి అతుకు లాంటివి కావు, వేరే రకం లోపాలు. ఆ ఇళ్లలో తరతరాలుగా ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండడం, చిన్న వయసులోనే రకరకాల క్యాన్సర్లు ఒకే ఇంట్లో రావడం కనిపిస్తుంది. డౌన్ సిండ్రోమ్ పిల్లలది ఇంకో దారి. వాళ్లలో గాటా1 అనే జన్యువులో మార్పు కడుపులోనే వచ్చి, పుట్టగానే ల్యుకేమియాలా కనబడి చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది. కొందరిలో నాలుగేళ్లలోపు అసలు ల్యుకేమియాగా తిరిగొస్తుంది. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు. అయినా ఒకసారి మీ డాక్టరుకు కుటుంబ చరిత్ర మొత్తం, నాన్నగారి సీఎంఎల్‌తో సహా, చెప్పి ఉంచండి.

చంటిపాప గురించి. అన్నకు కవల అయితే, అదీ ఒకే అండం కవల అయితే, డాక్టర్లు కొన్నాళ్లు కనిపెట్టి ఉంటారు, ఎందుకో పైన చెప్పాను. మూడేళ్ల తేడాతో పుట్టిన చెల్లెలికి ఆ మాయ వేరు, ఆ కణాలు ఆమెలోకి వెళ్లే దారే లేదు. మూలుగ టెస్టు అక్కర్లేదు, ఫిష్ అక్కర్లేదు. చేయించినా, ఎక్కడో ఒక కణంలో అతుకు దొరికినా, పై లెక్క ప్రకారం దానికి అర్థం లేదు, చేసేదీ లేదు. మామూలుగా అందరి పిల్లల్లో చూసేవే చూడండి. తగ్గని జ్వరం, తెల్లగా పాలిపోవడం, దెబ్బ తగలకుండానే నీలం మచ్చలు, కాళ్ల నొప్పులతో నడవనని మారాం చేయడం కనిపిస్తే ఒక సీబీసీ (రక్తకణాల లెక్క చూసే మామూలు పరీక్ష) చాలు.

పాప విషయంలో నిజంగా అడగాల్సింది టీకాల సంగతి. అన్నకు కీమో నడుస్తుండగా ఇంట్లో పసిపిల్లకు పోలియో చుక్కలు వేస్తే, అందులోని బతికున్న వైరస్ మలంలో కొన్ని వారాలు బయటికి వస్తుంది, అది రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లవాడికి అంటొచ్చు. ఇంజెక్షన్ రూపంలో ఉన్న పోలియో టీకాకు ఆ సమస్య లేదు. పల్స్ పోలియో ఆదివారం ఆశా కార్యకర్త తలుపు కొట్టేలోపే ఈ సంగతి అన్నను చూసే డాక్టరుతోనూ, పాపకు టీకాలు వేసే డాక్టరుతోనూ మాట్లాడి పెట్టుకోండి. మిగతా టీకాలు ఏవి ఎప్పుడన్నది కూడా అప్పుడే రాయించుకోండి, ఇంట్లో పెద్దవాళ్లు ఫ్లూ టీకా వేయించుకోవాలా అన్నదానితో సహా.